ఆ 8 రహస్యాల్లో నాలుగోది రోడ్డు మీద పడుతుంది

"పాత సైడు బాక్సులను 500 రూపాయల్లో షోరూమ్ పీసులా మార్చే 8 రహస్యాలు" అనే మెసేజ్ మా అనంతపురం రైడర్ల గ్రూపులో వచ్చింది, కడప వాళ్ళ గ్రూపులో వచ్చింది, చివరికి కర్నూలు నుంచి మా బావమరిది విడిగా నాకే పంపాడు. "బావా, ఇది కరెక్టేనా?" అని అడిగింది కూడా వాడొక్కడే. మిగతావాళ్ళంతా ఒక దండం బొమ్మ పెట్టి ఇంకో గ్రూపులోకి తోసేశారు.

సైడు బాక్సులంటే బైకు వెనక రెండు పక్కలా తగిలించే సామాను పెట్టెలు. బెంగళూరు వాళ్ళు బండి మార్చినప్పుడల్లా పాత బాక్సులు మన వైపు వస్తున్నాయి. ఎండకు తెల్లబారి, గీతలు పడి, మంచి ధరకు. వాటిని బాగుచేసి వాడుకోవడం బుద్ధిమంతుల పని. ఆ పనిని చెడగొట్టే సలహాలు కాబట్టే నాకింత మంట.

మొదటి రహస్యం: "థిన్నర్‌తో గానీ పెట్రోలుతో గానీ బాగా తుడవండి, మురికి పోయి అసలు ప్లాస్టిక్ బయటపడుతుంది." పడుతుంది, ఆ వెనకే అదీ పోతుంది. ఇలాంటి బాక్సులు చాలావాటికి వాడేది ఏబీఎస్ అనే ప్లాస్టిక్ (బ్రేకుల ఏబీఎస్ కాదు). అసిటోన్ తగిలితే ఏబీఎస్ కరుగుతుంది. పెయింట్ల షాపులో సీసాలో పోసిచ్చే థిన్నర్‌లో ఉండేవి టోలీన్, అసిటోన్ లాంటి సరుకే. తుడిచిన చోట మెరుపు పోయి వేలికి జిగటగా తగిలిందంటే, మీరు తుడిచేసింది మురికిని కాదు, బాక్సును. కంటికి కనపడని నష్టం ఇంకోటుంది. స్క్రూ బిగించిన చోట, మూల తిరిగిన చోట ప్లాస్టిక్ ఎప్పుడూ బిగువు మీద ఉంటుంది. అక్కడ థిన్నరో పెట్రోలో తగిలితే వెంట్రుక మందాన పగుళ్ళు పుడతాయి. అదే రోజు కనపడవు, కొన్నాళ్ళకు బయటపడతాయి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, నాలుగో రహస్యం దగ్గర పనికొస్తుంది.

గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. అమ్మినవాడు డ్యాష్‌బోర్డు పాలిష్ రుద్ది ఉంటే (అమ్మేముందు రుద్దనివాణ్ణి నేను చూళ్ళేదు) రెండోసారి కూడా కడగండి. అందులో సిలికాన్ ఉంటుంది. దాని మీద రంగు నిలవక గుండ్రటి గుంటలు పడతాయి. అప్పుడు రంగు డబ్బా కంపెనీని తిట్టి లాభం లేదు.

రెండోది: "ఏ ప్లాస్టిక్కైనా ఒకటే. ఉప్పుకాగితం, ప్రైమర్ అక్కర్లేదు. నేరుగా స్ప్రే కొట్టండి." బాక్సు బోర్లించి చూడండప్పా. అడుగునో, కీలు పక్కనో రెండు బాణం గుర్తుల మధ్య చిన్న అక్షరాలుంటాయి. ఏబీఎస్ అని ఉంటే మీ అదృష్టం. 320 నంబరు వాటర్ పేపరుతో (తడిపి రుద్దే ఉప్పుకాగితం) మెరుపు చంపి, ప్లాస్టిక్ ప్రైమర్ పలుచగా వేసి, 600తో తేలిగ్గా రుద్దితే రంగు పట్టుకుంటుంది. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్, పెళ్ళిళ్ళలో వేసే కుర్చీల సరుకు. దానికి ఏదీ అంటుకోదు. పీపీకి రంగు అంటుకునేలా చేయడానికే అడ్హీషన్ ప్రమోటర్ అని ఒకటి అమ్ముతారు. ప్రైమర్ కంటే ముందు అది పడాల్సిందే, లేకపోతే మొదటి వానాకాలానికే రంగు పొరలు పొరలుగా లేస్తుంది. అక్షరాలు అరిగిపోయి ఉంటే లోపలి అంచు నుంచి బ్లేడుతో గోరంత చెక్కి గ్లాసు నీళ్ళలో వేయండి. తేలితే పీపీ జాతి, మునిగితే చాలావరకు ఏబీఎస్. ఈ పరీక్షకయ్యే ఖర్చు గ్లాసుడు నీళ్ళు.

మూడోది: "అల్యూమినియం బాక్సుకు తుప్పు పట్టదు, కాబట్టి ప్రైమర్ దండగ." ఇనుములా ఎర్ర తుప్పు పట్టదు, నిజమే. కానీ రుద్దిన కాసేపటికే దాని మీద కనపడని ఆక్సైడు పొర కమ్ముకుంటుంది, రంగుకు పట్టు దొరకదు. లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ఎచ్ (etch) ప్రైమర్ గానీ ఎపాక్సీ ప్రైమర్ గానీ వేయాలి, అదీ రుద్దిన రోజే. ఇనుప తీగ బ్రష్షుతో మాత్రం రుద్దొద్దు. ఆ ఇనుప రజను అందులోనే ఇరుక్కుని తర్వాత మచ్చలు తేలుతుంది.

ఇక నాలుగోది. ఇందుకోసమే ఇదంతా రాస్తున్నాను, పూర్తిగా చదవండి: "పగుళ్ళుంటే ఎం-సీల్ నొక్కి, పైన రెండు పొరల లప్పం పెట్టి, రుద్ది రంగు వేయండి. హుక్కు దగ్గర పగిలినా ఇదే మందు. కొత్తదానికన్నా గట్టిగా ఉంటుంది."

మూత మీద పగులైతే పెట్టుకోండి, వాన నీళ్ళు ఆగితే చాలు. కానీ హుక్కు దగ్గరా? బాక్సును బండికి తగిలించేది అదే, మొత్తం బరువు వేలాడేదే అక్కడ. చాలా సైడు బాక్సుల్లో లోపలి స్టిక్కరు మీద 10 కిలోలు అని రాసి ఉంటుంది. మనవాళ్ళు రెండు జతల బట్టలు, టూల్ కిట్టు, గండికోటలో వండుకోవడానికి స్టవ్వు, రెండు లీటర్ల నీళ్ళ సీసాలు కుక్కి, మూత మీద మోకాలు పెట్టి మూస్తారు. దానికి బాక్సు సొంత బరువు అదనం. బండి గుంతలో పడిన ఆ క్షణంలో హుక్కు మీద పడే దెబ్బ ఈ బరువుకు ఎన్నో రెట్లు. ఇంజను వణుకు సరేసరి, బండి ఆగేదాకా ఆగదు.

ఎం-సీల్ మీద నాకేం పగ లేదు. కదలని పైపుకు అంతకన్నా మంచిది లేదు. బాక్సు ప్లాస్టిక్ వంగుతుంది, గట్టిపడిన ఎం-సీల్ వంగదు. పీపీకైతే అది అసలు పట్టుకోనే పట్టుకోదు. ఒకటి వంగుతూ ఒకటి వంగకుండా ఉంటే రెంటి మధ్యా సందు పడుతుంది. ఆ సందు మీద మీరేమో మెరిసే నలుపు కొట్టి ఉంటారు.

గుత్తి దాటాక హైవే మీద ఒక మిత్రుడి ఎడమ బాక్సు ఊడిపడింది. తర్వాత దాన్ని తెచ్చి నా ముందు పెట్టాడు. హుక్కు పక్కన గోరు పెట్టి లేపితే బిళ్ళ మొత్తం ఒక్కటిగా వచ్చేసింది. పైన క్లియర్ కోటు (మెరుపు కోసం చివర్లో కొట్టే రంగులేని పొర), దాని కింద నలుపు, బూడిద రంగు ప్రైమర్, లప్పం, ఎం-సీల్, అన్నీ ఒకదానికొకటి చక్కగా అతుక్కునే ఉన్నాయి. అతుక్కోనిది ప్లాస్టిక్‌కే. బిళ్ళ కింద ప్లాస్టిక్ నున్నగా ఉంది, కాగితం పెట్టి రుద్దిన ఆనవాలే లేదు. హుక్కు మొదట్లోంచి లోపలి దాకా తెల్లటి గీత. ఆ గీత అంచుల్లో ఎర్రమట్టి పేరుకుని ఉంది. అంటే అది ఎన్నాళ్ళనుంచో తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంది. రంగు లేకపోయి ఉంటే బండి కడిగేటప్పుడైనా కంటపడేది.

ఆ పూట వెనక లారీ దూరంగా ఉంది కాబట్టి సరిపోయింది. 80లో పోతుంటే సెకనుకు 22 మీటర్లు. ముందు బండి నుంచి పెట్టె ఊడి దొర్లుతుంటే వెనక స్కూటీ మీద పిల్లోణ్ణి స్కూలుకు తీసుకుపోతున్న మనిషికి బ్రేకు మీద చెయ్యి పడేలోపే అది చక్రం కిందికొస్తుంది. అదే గువ్వలచెరువు ఘాట్ మలుపులో అయితే? "కొత్తదానికన్నా గట్టిగా ఉంటుంది" అని రాసిన మహానుభావుడు ఆ బాక్సు వెనకాల తన బండి నడుపుతాడా? ముందు అది చెప్పమనండి.

మరేం చేయాలంటారా? కొన్ని బాక్సులకు హుక్కు పట్టే ప్లేటు విడిగా, స్క్రూలతోనో రివెట్లతోనో ఉంటుంది. ఆ ముక్క మార్చండి. బెంగళూరు జేసీ రోడ్డులో వెతికితే పాత ముక్కలు కూడా దొరకొచ్చు. గోడ మీద పగులైతే, ఏబీఎస్ బాక్సుకు ఏబీఎస్ ముక్కలనే అసిటోన్‌లో కరిగించి, లోపలివైపు సన్న జాలీ పెట్టి మెత్తొచ్చు. ఈ ఒక్క పనికే ఆ అసిటోన్ పనికొచ్చేది. పీపీకి పీపీ కడ్డీతోనే వేడి వెల్డింగు చేయించాలి. హుక్కు మొదలే బాక్సుతో కలిసి పోతపోసి ఉండి, అదే చీలితే మాత్రం ఆ బాక్సు బండి మీద బతుకు అయిపోయింది. ఇంట్లో టూల్స్ వేసుకోండి, ఉల్లిగడ్డలు పోసుకోండి.

రంగు ముట్టుకోకముందే చూసుకోవడానికి సులువు దారి ఉంది. చీకటి గదిలో ఖాళీ బాక్సులో టార్చి వెలిగించి, మూత దగ్గరగా వేసి, హుక్కు చుట్టూ బొటనవేలితో నొక్కుతూ పోండి. పగులు ఆరపార ఉంటే సన్నటి వెలుగు గీత పడుతుంది. గీత పడకపోయినా వంగిన చోట తెల్లబారితే అనుమానించండి.

ఐదోది: "క్లియర్ కోటు కొట్టేటప్పుడు దుమ్ము పడకుండా తలుపులు, కిటికీలు మూసేయండి. ముక్కుకు తడి కర్చీఫ్ చాలు. పని అయ్యాక బెల్లం ముక్క తింటే ఊపిరితిత్తులు శుభ్రమవుతాయి." సామీ, బెల్లం పోయేది కడుపులోకి. ఊపిరితిత్తుల్లోకి పోతే పోవాల్సింది ఆస్పత్రికి.

మామూలు డబ్బా స్ప్రేకే గాలి ఆడాలి. హార్డెనర్ కలిపే టూ-కే క్లియర్ సంగతి పూర్తిగా వేరు. ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్లనే రసాయనాలుంటాయి. భోపాల్‌ను 1984లో చంపిన గ్యాసు ఆ కుటుంబంలోనిదే. రంగులో ఉండేది అది కాదు, అంత త్వరగా ఆవిరయ్యేది కూడా కాదు. కానీ గన్నులోంచి పొగమంచులా వచ్చినప్పుడు పీలిస్తే ఆస్తమా తెస్తుంది. ఒక్కసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత రవ్వంత తగిలినా ఊపిరి అందదు. కార్లకు రంగు వేసేవాళ్ళకు వచ్చే జబ్బుల్లో ఇదీ ఒకటి. వాసన చూసి జాగ్రత్తపడదామంటే, వాసన తెలిసేసరికే మోతాదు మించి ఉంటుంది. కర్చీఫ్ తడిదైనా పొడిదైనా దొంగతనానికి పనికొస్తుంది గానీ దీనికి కాదు. టింకరింగ్, పెయింటింగ్ షాపులో మాస్కు, గాలి ఏర్పాటు ఉన్నవాడు దొరికితే, బాక్సు అంతా మీరే సిద్ధం చేసుకుని ఆ చివరి కోటుకు మాత్రం డబ్బులిచ్చి కొట్టించండి. దొరకకపోతే మామూలు యాక్రిలిక్ క్లియర్‌తో సరిపెట్టుకోండి. అది కాస్త తొందరగా మెరుపు తగ్గుతుంది, అంతే.

ఆరోది, "మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టి అక్కడే ఆరబెట్టండి, గంటలో రెడీ." రాసినోడు ఏ ఊటీలోనో ఉంటాడు. మన మే నెల ఎండలో రంగు తుంపర బాక్సును చేరేలోపే ఆరిపోయి గరుకుగా పడుతుంది. పడిన రంగు పైపైన గట్టిపడితే లోపలి ద్రావకం బుడగలై పొంగుతుంది. పొద్దున్నే నీడలో కొట్టండి, పలుచగా, కోటుకూ కోటుకూ మధ్య విరామమిచ్చి. ఆషాఢంలోనైతే వద్దే వద్దు, ఈ జిల్లా కొండల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. చేతికి అంటకపోవడం వేరు, గట్టిపడటం వేరు. బండికి తగిలించే ముందు కొన్ని రోజులు ఆగాలి.

ఏడోది: తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె, రిఫ్లెక్టర్ల మీద కూడా నల్లరంగు కొడితే "ప్రీమియం లుక్". నూనె దుమ్మును పట్టి తాళాన్ని ఇంకా బిగిస్తుంది, గ్రాఫైట్ పొడి వేయండి. రిఫ్లెక్టర్ మీద రంగు కొట్టినవాడు రాత్రిపూట వెనక లారీ డ్రైవరుకు ఏ లుక్కులో కనపడాలనుకుంటున్నాడో నాకైతే అర్థం కాలేదు. 500 రూపాయలంటారా, మంచి ప్రైమర్, రంగు, క్లియర్ తలా ఒక డబ్బా కొని బిల్లు చూసుకోండి.

ఎనిమిదోది చదివి మొదట నవ్వాను: "గరుకు నల్ల ప్లాస్టిక్ తెల్లబారితే రంగే వద్దు, హీట్ గన్ చూపించండి, నలుపు తిరిగొస్తుంది." ఇది నిజం. రంగు వేయని, గరుకు పోత ఉన్న పీపీ మీద నిజంగానే పనిచేస్తుంది. ఎండకు చెడిన పైపొర వేడికి సర్దుకుని, చూస్తుండగానే బూడిద రంగు పోయి నలుపు వస్తుంది. శాశ్వతం కాదు, ఎండలో తిరిగితే మళ్ళీ తెల్లబారుతుంది. అయినా థిన్నర్ లేదు, లప్పం లేదు, పొగ లేదు, అన్నిటికీ మించి ఏ పగులునూ అది దాచదు. నన్నడిగితే సగం మందికి ఈ ఒక్కటి చాలు. గన్ను ఒక్క చోట ఆపకుండా కదుపుతూ ఉండండి, స్టిక్కర్లకు, రబ్బరు బీడింగుకు దూరంగా పెట్టండి. ఏబీఎస్ మీద మాత్రం వద్దు, 100 డిగ్రీల దగ్గరే మెత్తబడి వంకర పోతుంది.

ఆ మెసేజ్ నమ్మి ఇప్పటికే హుక్కు దగ్గర ఎం-సీల్, లప్పం పెట్టేసిన తమ్ముళ్ళు ఒక పని చేయండి. ఆదివారం రైడుకు ముందు బాక్సు దించి, ఆ బిళ్ళ అంచున గోరు పెట్టి లాగి చూడండి. కదిలిందా, ఆ పూటకు సామాను బ్యాగులో సర్దుకుని వీపుకు తగిలించుకోండి.