కొమ్ముపై కరవు గీతలు

అమెరికా నైరుతి ఎడారుల్లో వేటకాలం ముగిసిన ప్రతిసారీ ఇప్పుడు ఒకే ఫిర్యాదు వినిపిస్తోంది. పెద్దకొమ్ముల అడవి గొర్రెలు (బిగ్‌హార్న్) కనబడటం తగ్గింది, కనబడిన పొట్టేళ్లకూ వెనకటి కొమ్ములు లేవు. అరిజోనాలో ఈ వేట అనుమతి లాటరీలో ఇస్తారు. ఏటా పేరు వేసుకుంటూ దశాబ్దాల తరబడి ఎదురుచూసిన వాళ్లున్నారు. ఎడారి రకం పొట్టేలును మనిషి తన జన్మలో ఒక్కసారే కొట్టాలన్నది అక్కడి నియమం. అన్నేళ్లు ఆగి, రోజుల తరబడి దుర్భిణితో కొండలన్నీ గాలించి, చివరికి పొట్టి కొమ్ముల కుర్ర పొట్టేలుతో సరిపెట్టుకోవలసి రావడం బాధాకరమే. ఆ బాధను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ అది గోడకు తగిలించే తల గురించిన బాధగానే మిగిలిపోతే, దాని వెనకున్న అసలు వార్త ఎవరికీ అందదు.

ఆ వార్త కొమ్ములోనే ఉంది. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. గొర్రె కొమ్ము అలా కాదు, పిల్లగా ఉన్నప్పుడు మొదలైనదే చచ్చేదాకా పెరుగుతూ పోతుంది. ఏటికొక గీత పడుతుంది, ఆ గీతలు లెక్కపెట్టే వయసు చెబుతారు. పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి నాలుగేళ్లలోనే అయిపోతుంది. ఆ నాలుగేళ్లలో వానలు పడి, గడ్డి మొలిచి, తల్లికి పాలు నిండుగా ఉంటే కొమ్ము బలంగా సాగుతుంది. అవే కరవు ఏళ్లయితే, తరువాత ఎంత మంచి కాలం వచ్చినా ఆ లోటు పూర్తిగా పూడదు. గీతకూ గీతకూ మధ్య దూరం చూసి ఆ పొట్టేలుకు ఏ ఏడు ఎలా గడిచిందో పోల్చుకోవచ్చు. రెండు కొమ్ముల పొడవులూ, ఒక్కో కొమ్ముకు నాలుగుచోట్ల చుట్టుకొలతలూ అంగుళాల్లో కూడి మార్కులు వేసే అమెరికా వేటగాళ్ల సంఘం బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ లెక్కలో ఎడారి పొట్టేలు శాశ్వత రికార్డుల్లోకి ఎక్కాలంటే 168 రావాలి. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో 1940 నాటి పొట్టేలు ఒకటి 205 దాటి ఆ పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. వేటగాళ్లు చూసేది ఆ అంకెను. అందులో కలిసిపోయిన వానల లెక్కను కూడా చూడమని మా మనవి.

ఆ లెక్క భయపెట్టేలా ఉంది. 2000 నుంచి 2021 వరకు గడిచిన 22 ఏళ్లు నైరుతి ఉత్తర అమెరికాలో 1200 ఏళ్లలోకెల్లా పొడికాలమని చెట్ల మానుల్లోని వలయాలు చదివిన శాస్త్రవేత్తలు తేల్చారు. 2020లో లాస్ వేగాస్ వరసగా 240 రోజులు లెక్కకు వచ్చేపాటి వాన ఎరగలేదు. దక్షిణ నెవాడా కొండల్లో వాననీటిని పట్టి ఉంచే తొట్లు అడుగంటితే హెలికాప్టర్లతో నీళ్లు మోయించి నింపవలసి వచ్చింది. ఎడారి గొర్రె మామూలు జీవి కాదు. ఒంట్లో నీరు పోయి బరువులో మూడో వంతు దాకా తగ్గినా తట్టుకుంటుంది, నీళ్లు దొరికితే చూస్తుండగానే తేరుకుంటుంది. వేల ఏళ్లుగా ఎండలోనే బతకడం నేర్చిన ప్రాణానికి మనిషి హెలికాప్టర్‌లో నీళ్లు తెచ్చిపోయవలసిన రోజు వచ్చిందంటే, ఆ కొండల్లో ఏం జరుగుతోందో వేరే చెప్పాలా?

అరిజోనాలోని కోఫా వన్యప్రాణి శరణాలయం సంగతి ఇంకా ముందే హెచ్చరించింది. 1930లలో బాయ్ స్కౌట్ పిల్లలు ఈ గొర్రెల కోసం రాష్ట్రమంతటా ప్రచారం చేస్తే, 1939లో ఏర్పడిన శరణాలయం అది. ఇతర కొండల్లో గొర్రెలు అంతరిస్తే తిరిగి నిలపడానికి అక్కడి మందనుంచే తరలించేవారు. రైతు ఇంట్లో విత్తనాల గాదె ఎలాంటిదో కోఫా అలాంటిది. 2000లో దాదాపు 800 ఉన్న గొర్రెలు 2006 నాటికి 390కి పడిపోయాయి. కరవుకు తోడు కొండసింహాలు (ప్యూమాలు) గొర్రెలను వేటాడాయి. ఆ శరణాలయంలో కట్టిన రెండు నీటి తొట్ల మీద వివాదం అప్పీళ్ల కోర్టు దాకా వెళ్లింది. మనిషి చెయ్యి పడకూడని అరణ్యంలో ఆ కట్టడాలు తప్పనిసరి అని అధికారులు చూపలేకపోయారని 2010లో కోర్టు చెప్పింది. కోర్టు అడిగిన ప్రశ్న సరైనదే. అయినా, పాత నీటి ఊటలకు గొర్రెలు వెళ్లే దారులను రోడ్లతో, కాలువలతో, ఊళ్లతో తెగ్గొట్టిన తరువాత ఒక సిమెంటు తొట్టి కట్టడానికి వెనకాడటం న్యాయమని మాకు తోచడం లేదు.

కరవు నెపం ఆకాశం మీదికి నెట్టవచ్చు. రోగం విషయంలో ఆ వీలు లేదు. మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే అనే సూక్ష్మజీవి పెంపుడు గొర్రెల్లో, మేకల్లో ఉంటుంది. వాటికి పెద్దగా హాని చేయదు. అదే అడవి గొర్రెకు సోకితే ఊపిరితిత్తుల్లోకి చేరే మలినాన్ని బయటికి తోసే సన్నని నూగును దెబ్బతీస్తుంది. ఆ తరువాత ఇతర సూక్ష్మజీవులు చొరబడి న్యుమోనియాతో చంపుతాయి. 2013లో కాలిఫోర్నియాలోని మొహావీ జాతీయ సంరక్షణ ప్రాంతంలో, ఓల్డ్ డాడ్ శిఖరం దగ్గర ఈ రోగం బయటపడింది. ఆ చుట్టుపక్కల కొండల్లో, దక్షిణ నెవాడా మందల్లో కూడా దాని జాడలు దొరికాయి. పెద్దవి చావడంతో కథ ముగియదు. బతికి బయటపడిన ఆడగొర్రెల్లో కొన్ని ఆ క్రిమిని ఏళ్ల తరబడి ముక్కులో మోస్తూ ఉంటాయి. ఆడగొర్రెకు ఏడాదికి సాధారణంగా ఒక్క పిల్లే. వసంతంలో పుట్టిన ఆ పిల్లలు తల్లి పాలు మరవకముందే దగ్గుతూ రాలిపోతాయి. పైకి చూస్తే మంద ఉన్నట్టే ఉంటుంది, దాన్ని నిలబెట్టే కొత్త తరం మాత్రం ఉండదు. ఎనిమిదేళ్ల తరువాత ఒక వేటగాడు 'పెద్ద పొట్టేళ్లు ఏవీ' అని అడిగితే, జవాబు ఆ వసంతాల్లో చచ్చిన పిల్లల దగ్గర ఉంటుంది.

తెలుగు పల్లెల్లో గొర్రెలు కాసేవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. సంతలో కొన్న గొర్రెను కొన్నాళ్లు విడిగా కట్టి, ముక్కు కారడం లేదని చూసుకుని గాని మందలో కలపని కాపరులు మనకున్నారు. ఆ జాగ్రత్త అంత సంపన్న దేశంలో అడవి అంచున కొరవడింది. 2003లో అరిజోనాలోని సిల్వర్‌బెల్ కొండల పక్కకు వేల సంఖ్యలో మేకలను తోలారు. కొద్ది కాలానికే అక్కడి అడవి గొర్రెలకు కళ్ల జబ్బు సోకింది. చూపు పోయిన గొర్రె కొండ అంచున ఎన్నాళ్లు బతుకుతుంది? టెక్సాస్‌లో దోషం మరో రూపంలో వచ్చింది. 1950లలో వేట కోసం ఉత్తర ఆఫ్రికా జాతికి చెందిన ఔడాడ్ గొర్రెలను అక్కడి లోయల్లో వదిలారు. అవి విపరీతంగా పెరిగి, ఇప్పుడు మేతకు, నీటికి పోటీపడటమే కాక న్యుమోనియాను మోసుకొస్తున్నాయి. 1960లలో తుడిచిపెట్టుకుపోయి, ఎంతో శ్రమతో తిరిగి నిలబడిన టెక్సాస్ ఎడారి గొర్రె మళ్లీ కూలిపోతోంది.

వేట వల్లనే కొమ్ములు చిన్నవయ్యాయన్న వాదన కూడా ఉంది. కెనడాలోని రామ్ పర్వతం మీద దశాబ్దాలు సాగిన అధ్యయనం, పెద్ద కొమ్ముల పొట్టేళ్లను పిల్లలు కనకముందే ఏరి చంపుతూ పోతే మంద వారసత్వంలోనే కొమ్ము కురచవుతుందని 2003లో చూపింది. అక్కడి నియమాలు వేరుగా ఉండేవి, కొమ్ము ఒక కొలతకు వస్తే చాలు లైసెన్సు ఉన్న స్థానికులు ఎవరైనా కొట్టగలిగేవారు. కాలిఫోర్నియాలో లెక్కకు వచ్చిన పెద్ద పొట్టేళ్లలో 15 శాతానికి మించి అనుమతులు ఇవ్వకూడదని చట్టమే చెబుతోంది. వేట సాగే పలు ప్రాంతాల రికార్డులు తిరగేసిన తరువాతి పరిశోధనలు చాలాచోట్ల ఆ తరహా తగ్గుదల లేదనే చెప్పాయి. కాబట్టి ఎడారి గొర్రె విషయంలో తుపాకీని మొదటి ముద్దాయిగా నిలబెట్టడం మా దృష్టిలో సరికాదు. అయితే మంద సగమైన తరువాత కూడా పాత సంఖ్యలోనే అనుమతులు ఇస్తే మిగిలేవి కుర్ర పొట్టేళ్లే. వాటి కొమ్ములు చిన్నవిగా ఉండటానికి జన్యువులు అక్కరలేదు, వయసు చాలకపోవడం చాలు.

ఇక్కడ మా మనసులో మాట దాచుకోం. కొమ్ము కోసం ప్రాణం తీయడం మాకు నచ్చే పని కాదు. అయినా ఈ గొర్రె ఈనాటి దాకా మిగలడంలో వేటగాళ్ల చెయ్యి ఉందన్నది కాదనలేని నిజం. 1964లో లాస్ వేగాస్‌లో, 1967లో అరిజోనాలో పుట్టిన ఎడారి గొర్రెల సంఘాల సభ్యులు సెలవు రోజుల్లో సిమెంటు సంచులు కొండలెక్కించి నీటి తొట్లు కట్టారు. తుపాకులు, తూటాల మీది కేంద్ర పన్ను 1937 నాటి చట్టంతో రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు మళ్లి వాటిని నిలబెట్టింది. మెక్సికోలోని టిబురోన్ దీవిలో 1975లో వదిలిన 20 గొర్రెలు రెండు దశాబ్దాల్లో 500 దాకా పెరిగాయి. అక్కడి వేట అనుమతుల వేలం సొమ్ము దీవి సొంతదారులైన సేరీ జాతి ప్రజలకూ, గొర్రెల సంరక్షణకూ అందింది. 2013లో మోంటానా రాష్ట్రంలో రాకీ పర్వతాల రకం పొట్టేలు ఒక్కదాని అనుమతి 4,80,000 డాలర్లకు వేలంలో పోయింది.

మా ఆందోళన అంతా ఈ డబ్బు దారి గురించే. పొట్టేలు కొమ్ము అమ్ముడుపోతేనే గొర్రెకు నీళ్లూ, వైద్యుడూ, లెక్కకు హెలికాప్టరూ. మంద బాగున్నప్పుడు డబ్బు వస్తుంది. మంద కూలిపోతున్నప్పుడు, అంటే డబ్బు అన్నిటికన్నా ఎక్కువ కావలసినప్పుడు, ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు అధికారుల ముందు రెండే దారులు మిగులుతాయి. అనుమతులు తగ్గించి శాఖను ఎండబెట్టడం, లేదా తగ్గించకుండా మందను కరిగించడం. ఏ అధికారినీ ఆ సందిగ్ధంలోకి నెట్టకూడదు. ఈ గొర్రెలు తిరిగే నేలలో అత్యధిక భాగం అమెరికా కేంద్ర ప్రభుత్వానిది. లాస్ వేగాస్, ఫీనిక్స్ నగరాలు ఆ కొండల మధ్యే పెరిగాయి. హూవర్ డ్యామ్ చూడబోయే లక్షల మంది సందర్శకుల్లో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. బౌల్డర్ సిటీ పార్కులో పచ్చిక మేసే పొట్టేళ్లను పిల్లలకు చూపించి ఫొటోలు తీసుకుంటున్న తల్లిదండ్రులంతా ఈ సంపదను అనుభవిస్తున్నవారే. దాన్ని కాపాడే ఖర్చు తుపాకీ పట్టినవాడి నెత్తినే ఉండటం ఎంతమాత్రం సబబు కాదు. వేలం సొమ్ముతో నిమిత్తం లేని శాశ్వత నిధి కేంద్ర బడ్జెట్ నుంచి రావాలి.

రోడ్ల సంగతి కూడా అంతే. కాలిఫోర్నియాలో ఒకప్పుడున్న 80 మందల్లో 30 అంతరించాయని పరిశోధకులు లెక్కతేల్చారు. మిగిలినవాటిని పెద్ద రహదారులు విడగొట్టడంతో వాటి మధ్య రక్తసంబంధం తెగిపోతోంది. హూవర్ డ్యామ్ దక్షిణాన 93వ నంబరు రహదారి మీద అరిజోనా కట్టిన మూడు వంతెనలను గొర్రెలు ఎంచక్కా వాడుకుంటున్నాయి. లాస్ వేగాస్ నుంచి కాలిఫోర్నియాకు వేస్తున్న వేగవంతమైన రైలు మార్గం పొడవునా కూడా అలాంటి మూడు వంతెనలకు ఒప్పందం కుదిరింది. పట్టాలు పూర్తయ్యాక ఎప్పుడో కాకుండా, పట్టాలతో పాటే అవి లేవాలి.

పెంపుడు మందల విషయంలో మాత్రం మరింత కఠినంగా ఉండక తప్పదు. 2010లో ఐడహో రాష్ట్రంలోని పయెట్ జాతీయ అటవీ ప్రాంతంలో అధికారులు పెంపుడు గొర్రెల మేతను దాదాపు 70 శాతం తగ్గించారు. కోర్టులో కూడా ఆ నిర్ణయం నిలబడింది. ఎడారి రాష్ట్రాల్లోనూ అడవి గొర్రె తిరిగే కొండల అంచున మేత అనుమతులను గడువు తీరగానే ఆపాలి. వాటిమీద బతికే కాపరులకు సరైన పరిహారం ముందే చెల్లించాలి, వాళ్ల కడుపు కొట్టి గొర్రెను కాపాడమని మేము అనడం లేదు. కలుపు తినిపించడానికి తోలే మేకలకు, పెరట్లో సరదాగా పెంచే గొర్రెలకు పరీక్ష తప్పనిసరి చేయాలి. రోగాన్ని ఏళ్ల తరబడి మోస్తున్న ఆడగొర్రెలను పరీక్షించి మందనుంచి తప్పిస్తే పిల్లలు బతుకుతున్నాయని ఐడహో సరిహద్దులోని హెల్స్ కేన్యన్ లోయలో రుజువైంది. చేదైన పనే అయినా ఎడారి మందల్లో దాన్ని ఆలస్యం చేయకూడదు.

చెయ్యగలమా అన్న అనుమానం ఎవరికైనా ఉంటే న్యూమెక్సికో వైపు చూడాలి. ఈ గొర్రెల కోసమే 1941లో ఏర్పాటైన సాన్ ఆండ్రెస్ శరణాలయంలో 1978 నుంచి గజ్జి వ్యాపించి, 1997 నాటికి ఒకే ఒక్క ఆడగొర్రె మిగిలింది. అంత పెద్ద కొండల వరసలో ఆ గొర్రె ఒంటరిగా తిరిగింది. ఆ తరువాత, రోగం లేదని తేల్చుకుని, కోఫా నుంచీ న్యూమెక్సికోలోనే ఉన్న రెడ్‌రాక్ పెంపక కేంద్రం నుంచీ కొత్త గొర్రెలను తెచ్చి వదిలారు. 1980లో రాష్ట్ర ప్రమాద జాబితాలో చేర్చిన ఎడారి గొర్రెను 2011లో ఆ జాబితా నుంచి తీసేయగలిగారు.

వచ్చే వసంతంలో మొహావీ కొండల్లో పిల్లలు పుడతాయి. వాటి కొమ్ముల మీద మొదటి నాలుగు గీతలు పడే కాలంలోనే అధికారులు నాలుగుసార్లు వేట అనుమతుల సంఖ్య నిర్ణయిస్తారు, అమెరికా కాంగ్రెస్ నాలుగు బడ్జెట్లు రాస్తుంది. మొదటి నిర్ణయంలోనే అనుమతులు తాజా లెక్కకు తగ్గట్టు తగ్గాలి, మొదటి బడ్జెట్‌లోనే నీటికీ, రోగ పరీక్షలకూ, వంతెనలకూ డబ్బు కనిపించాలి.