వయసు చూడకుండా చేతికిచ్చి చూడండి

పిల్లలకు కథలు, పెద్దలకు నవలలు, ముసలివాళ్లకు భక్తి పుస్తకాలు అని, ఏ వయసువాళ్లు ఏం చదవాలో చెప్పిన మీ వ్యాసంలో పుస్తకాలను విడగొట్టడం నాకు నచ్చలేదండీ. నల్లగొండలో మా అమ్మకు డెబ్బై దాటాయి, మా బిడ్డ లైబ్రరీ నుంచి తెచ్చిన అంతరిక్షం బొమ్మల పుస్తకాన్ని భూతద్దం పెట్టుకుని, వేలితో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మూడు రోజులు చదివి, శనిగ్రహం చుట్టూ ఆ వలయాలు ఏందిరా అని నన్నడిగితే చెప్పలేక మళ్లీ ఆ పుస్తకమే తీశాను. మంచుముక్కలు, రాళ్లట! బిడ్డేమో ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది తెలంగాణ కవుల పద్యాలతో తెచ్చిన గోలకొండ కవుల సంచిక అనే సంకలనంలో మన ఊళ్ల పేర్లు వెతుకుతోంది. కొనలేకపోతే జిల్లా గ్రంథాలయానికి వెళ్లండి, ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు దానికే కడుతున్నాం కదా, ఎప్పుడూ చూడని అరలోంచి ఒకటి తీసుకోండి.