యోకిమ్ ట్రియర్ ఎవరి కొడుకు?

సినిమా పేజీల్లో తరచూ షేర్ అవుతున్న మాట ఇది: "నార్వే దర్శకుడు యోకిమ్ ట్రియర్, డెన్మార్క్ దర్శకుడు లార్స్ వాన్ ట్రియర్ కొడుకు. ఆ పేరు చూసే కేన్స్‌ ఫెస్టివల్ వాళ్లు పిలిచారు. 2021లో ఒక్క సినిమాతో రాత్రికి రాత్రే స్టార్ అయ్యాడు. కథలన్నీ ఒక్కడే రాసుకుంటాడు."

కొడుకు కాదు. యోకిమ్ తండ్రి యాకబ్ ట్రియర్, సౌండ్ టెక్నీషియన్. నార్వే జనం ఇప్పటికీ మురిసిపోయే 1975 నాటి బొమ్మల సినిమా 'ఫ్లోక్లిపా గ్రాండ్ ప్రీ'కి పనిచేశాడు. యోకిమ్ 1974లో కోపెన్‌హాగన్‌లో పుట్టాడు కాబట్టి జనం తికమక పడి ఉండొచ్చు. లార్స్‌తో దూరపు చుట్టరికం ఉందంటారు. అదీ ఇంటిపేరు వరకే, రక్తసంబంధం కాదు. ఎందుకంటే తనను పెంచిన ఉల్ఫ్ ట్రియర్ కన్నతండ్రి కాదని తల్లి చనిపోయే ముందు చెప్పినట్టు లార్సే బయటపెట్టాడు. ఆ 'వాన్' కూడా ఫిల్మ్ స్కూల్లో ఆయన సొంతంగా తగిలించుకున్నదే.

వారసత్వం అసలు లేదా అంటే, ఉంది. అమ్మ తరఫు తాత ఎరిక్ లోకెన్ దర్శకుడు. ఆయన 'యాక్తెన్' 1960లో కేన్స్ పోటీకి వెళ్లింది. 1972లో రీళ్లను ఏ వరుసలో వేసినా నడిచే సినిమా కూడా తీశాడు, ఎంత ధైర్యమో చూడండి! అలాంటి ఇంట్లో పెరగడం లాభమే, కాదనను. కానీ ఆయన 1983లోనే పోయాడు. అప్పటికి మనవడు ఇంకా చిన్నపిల్లాడు. ఇక సిఫార్సు ఎక్కడిది?

కేన్స్ సంగతి మరీ విడ్డూరం. యోకిమ్ సినిమా మొదటిసారి అక్కడికి వెళ్లింది 2011లో, 'ఓస్లో, ఆగస్టు 31'తో, ప్రధాన పోటీకి పక్కన నడిచే 'అన్ సెర్టెన్ రిగార్డ్' విభాగంలో. సరిగ్గా ఆ ఫెస్టివల్‌లోనే లార్స్ ప్రెస్‌మీట్‌లో హిట్లర్ గురించి నోరుజారాడు. "ఇక మీరు మాకు అక్కర్లేదు" అన్నట్టుగా నిర్వాహకులు ఆయన్ని బహిష్కరించారు. ఆ పేరు చెప్పుకుని అవకాశం అడగడానికి అంతకంటే చెడ్డ ఏడాది ఇంకోటి ఉండదు! 2015లో ఇంగ్లీషులో తీసిన 'లౌడర్ దాన్ బాంబ్స్' ప్రధాన పోటీకి వెళ్లి, జ్యూరీ అవార్డుల్లో ఒక్కటీ లేకుండా తిరిగొచ్చింది.

రాత్రికి రాత్రే అన్నది కూడా తప్పు. కుర్రతనంలో స్కేట్‌బోర్డ్ ఛాంపియన్, ఆ వీడియోలు తీస్తూనే కెమెరా పట్టాడు. తర్వాత ఇంగ్లండ్‌లో ఫిల్మ్ స్కూలు. మొదటి ఫీచర్ 'రిప్రీజ్' 2006లో వచ్చింది. 2021 నాటి 'ద వరస్ట్ పర్సన్ ఇన్ ద వరల్డ్' అయిదోది. దానికి కేన్స్‌లో ఉత్తమ నటి అయిన రెనాటె రైన్స్‌వే, దానికి పదేళ్ల ముందు 'ఓస్లో, ఆగస్టు 31'లో చిన్న పాత్రలో మెరిసి మాయమైన అమ్మాయే.

ఒక్కడే రాస్తాడన్న మాటే నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది. 'రిప్రీజ్' నుంచి 2025లో కేన్స్‌లో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ తెచ్చుకున్న 'సెంటిమెంటల్ వేల్యూ' దాకా ప్రతి ఫీచర్‌కూ ఎస్కిల్ వోట్ సహ రచయిత. ఆయనా దర్శకుడే, 'బ్లైండ్', 'ది ఇన్నోసెంట్స్' ఆయనవే. 'వరస్ట్ పర్సన్'కు వచ్చిన ఒరిజినల్ స్క్రీన్‌ప్లే ఆస్కార్ నామినేషన్‌లోనూ ఇద్దరి పేర్లూ ఉన్నాయి.