సదరం సర్టిఫికెట్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సదరం సర్టిఫికెట్ గారి దివ్యసముఖమునకు,

నమస్కారాలండి. మానసిక జబ్బున్న మాలాంటివాళ్ళకి వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే కాగితం తమరు. ఉత్తరం అన్నాక ముందుగా 'ఇక్కడ మేమంతా క్షేమం' అని రాయడం కోనసీమ మర్యాద. ఆ ముక్క రాస్తే తమరు ఎక్కడ శాతం తగ్గించేస్తారోనని వదిలేస్తున్నాం. మంగళవారం రెండింటికి స్లాట్ ఇచ్చారు కదా. నాలుగున్నర దాకా కూర్చోబెట్టి, 'సైకియాట్రిస్టు గారు ఈపూట లేరు, మళ్ళీ స్లాట్ పెట్టుకోండి' అన్నారు. పెట్టుకుంటాంలెండి. మాకు వేరే పనేం ఉంది? లేదనేగా తమరు రాసిచ్చింది!

ఆ పని గురించే ఈ ఉత్తరం.

మానసిక జబ్బు వల్ల వచ్చే వైకల్యాన్ని కొలిచే తమరి కొలబద్ద పేరు ఐడియాస్. అందులో నాలుగు పద్దులు. స్నానం, బట్టలు, తిండి తనంతట తాను చూసుకుంటున్నాడా, నలుగురితో మెలుగుతున్నాడా, చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడుతున్నాడా, పని చేస్తున్నాడా. ఒక్కోదానికి ఇబ్బందిని బట్టి సున్నా నుంచి నాలుగు. పైగా గడిచిన రెండేళ్ళలో జబ్బు బయటపడ్డ నెలలెన్నో లెక్కేసి ఇంకో మార్కు. ఆరు నెలల్లోపైతే ఒకటి, 18 నెలలు దాటితే నాలుగు. అన్నీ కలిపి 20కి 7 వస్తే 40 శాతం. 40 ఉంటే నెలకి 6,000 పెన్షన్. ఆరు వస్తే ఇంటికెళ్ళి పడుకోవడమే.

ఇప్పుడు ఒక బైపోలార్ (హుషారూ, దిగులూ హద్దు దాటి వచ్చిపోయే జబ్బు) కుర్రాడి లెక్క చూడండి. జబ్బు కాలానికి మూడు, మనుషులతో మెలగడానికి రెండు, పనికి రెండు. మొత్తం ఏడు, గట్టెక్కాడు. మందులు పడ్డాయి, నిద్ర కుదిరింది, బట్టల షాపులో బిల్లింగుకి కుదిరాడు. పని దగ్గరున్న రెండు కాస్తా ఒకటైంది. మొత్తం ఆరు. జబ్బు ఎక్కడికీ పోలేదండి, మాత్ర మింగినన్నాళ్ళే అది అణిగుంటుంది. పైగా లక్షణాలు కనపడని నెలలు పెరిగేకొద్దీ కాలం మార్కు కూడా కరిగిపోద్ది. మానకుండా మందులేసుకున్నందుకు ఒక కోత, పనికెళ్ళినందుకు ఇంకో కోత. ఆయ్, ఎంత ముచ్చటగా లెక్క కట్టారండీ!

డాక్టర్లని అనేదేం లేదు. వాళ్ళ చేతికిచ్చిన గళ్ళు అవే. కాకపోతే ఆ గళ్ళు కాగితాన్నే నమ్ముతాయి. ఓపీ చీటీ లేని నెల జబ్బు లేని నెల కిందే లెక్క. అందుకే వెళ్ళేవాళ్ళు రెండేళ్ళ చీటీలూ, డిశ్చార్జి కాగితాలూ తేదీల వరసలో కుట్టుకెళ్ళాలి. కూడా ఒకే కప్పు కింద ఉండే మనిషి వెళ్ళాలి. 'బానే ఉంటున్నాడండీ' అని మొహమాటానికి అనే పెద్దనాన్న గారిని మాత్రం తీసుకెళ్ళకూడదు.

ఇక చొక్కా సంగతి. క్యాంపుకి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గెడ్డం గీసుకుని వెళ్తే మొదటి పద్దులో సున్నా పడుతుందని ఇంట్లో భయం. అందుకని నలిగిన చొక్కాతో, మాసిన గెడ్డంతో పంపిస్తారు. గురువారం ఇంటర్వ్యూకి అదే చొక్కా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తొడుగుతారు. ఒకే మనిషి మంగళవారం పనికిరాడని నిరూపించుకోవాలి, గురువారం పనికొస్తానని నిరూపించుకోవాలి. రెండింటికీ ఫైల్లో ఉండే కాగితం మాత్రం తమరే.

సర్కారు కొలువుకైనా తమరే దిక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అందులో చివరి 1 శాతంలో ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యం, అందరూ సర్దుకుని కూర్చోవాలి. ఆ బల్ల మీద జాగా కావాలన్నా 40 ఉండాల్సిందే. అంటే పని చెయ్యలేనని రాయించుకున్నవాడికే పని అడిగే హక్కు.

ప్రైవేటులో రిజర్వేషన్ గొడవ లేదు, 'ఈ రెండేళ్ళు ఏం చేశావు బాబూ' అనే ప్రశ్న ఒక్కటే ఉంటుంది. అదీ దాటితే డెల్టాలో దొరికే పనులు చూడండి. రొయ్యల చెరువులో తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోతుంది కనక నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల దగ్గర రాత్రంతా మేలుకునే మనిషి కావాలి. బైపోలార్ ఉన్నవాడికి వరసగా నాలుగు రాత్రులు నిద్ర లేకపోతే చాలు, తిరగబెట్టొచ్చు. రొయ్యల పీలింగ్ షెడ్డుకి బస్సు తెల్లారకుండానే వస్తుంది, రాత్రి వేసుకున్న ఒలాంజపిన్ మాత్ర మత్తు అప్పటికి వదలదు. ఇదే జబ్బుకి లిథియం మందు వాడేవాళ్ళు రోహిణీ కార్తె ఎండలో చెమటోడిస్తే ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి మందు రక్తంలో పేరుకుంటుంది, చేతులు వణుకుతాయి. కూర్చుని చేసే పగటి పని దొరకడమే అదృష్టం. ఆ అదృష్టానికే తమరు మార్కు కోస్తారు.

ఒకటో తారీకున గుమ్మంలో వేలిముద్ర వేయించుకుంటుంటే వీధి వీధంతా 'పిచ్చి పెన్షన్' అనుకోవడం గురించి రాయను. 2025లో పునఃపరిశీలన అంటూ నోటీసులు పంపి, ఏళ్ళ తరబడి మందులు మింగుతున్నవాళ్ళని కూడా మళ్ళీ లైన్లో నిలబెట్టిన సంగతీ రాయను.

ఇది మాత్రం రాయాలి. పల్లెలో కుటుంబం మొత్తానికి నెలకి 10,000, పట్టణంలో 12,000 ఆదాయం దాటితే పెన్షన్‌కి అర్హత పోద్ది. షాపులో జీతం 11,000. పోయేది 6,000, బస్సు ఖర్చు పైన. సరే, కష్టపడి తింటాం, పోనీ. ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) ఉన్న కొలువైతే జబ్బు పడ్డప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. దానికి ఆరు నెలల గడువులో కనీసం 78 రోజుల చందా పడాలి. కొత్తగా చేరినవాడికి ఆ తలుపు తెరుచుకునేసరికి తొమ్మిది నెలలు. మరి ఆ తొమ్మిది నెలల్లో జబ్బు తిరగబెడితే? జీతం ఉండదు, ఈఎస్‌ఐ డబ్బు రాదు, పెన్షన్ ఎప్పుడో పోయింది. ఈ గట్టున పంటు తాడు కోసేసి, అవతలి రేవు ఇంకా కట్టలేదంటే ఎలాగండి?

ఎలాగండి ఏంటి, ఎలాగయ్యా? ఎంతసేపని తమరు తమరు అంటాం? నీ గళ్ళు నింపడం కోసం కొలువు దొరికినా చేరొద్దంటున్నారు తల్లిదండ్రులు, తెలుసా? పిల్లాడు బాగుపడుతుంటే సంతోషించాల్సిన తల్లి, 'ఈసారి మార్కు పోద్దేమో' అని లెక్క కట్టుకుంటోంది. దొంగ సర్టిఫికెట్లు పట్టుకుంటావా, పట్టుకో, ఎవరూ కాదనరు. కానీ పనికెళ్ళినవాణ్ణి దొంగ లెక్కన చూడకు. పని దగ్గర మార్కు తగ్గితే ఆ కుర్రాడు నెలనెలా మందులకి, రక్తపరీక్షకి, నిద్రకి పెట్టే కష్టం తగ్గిందని కాదు. ఆ కష్టానికి నీ దగ్గర గడే లేదు.

తొమ్మిది నెలలు. చేరిన రోజు నుంచి తొమ్మిది నెలల జీతం స్లిప్పులు చూపించేదాకా ఆ 6,000 కదపొద్దు. మార్కు తగ్గించుకో, శాతం మార్చుకో, నీ ఇష్టం. ఆ తర్వాత కొయ్యి.

ఇట్లు,
20కి 7 తెచ్చుకుని, ఆ ఒక్క మార్కు ఎక్కడ జారిపోతుందోనని నెమ్మదిగా నడుస్తున్నవాళ్ళం