టామీపై ఉమ్మడి హక్కులు

ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న ఒడిశా పట్టణం పర్లాకిమిడిలో కుక్కను పెంచుకోవడం ఇకపై ఒక్క ఇంటి వ్యవహారంగా ఉండరాదని, దాన్ని పదిమందిపరం చేయాలని కొంతకాలంగా వాదన బలపడుతోంది. వాదించేవారిలో కుక్క యజమానులు కొందరు, కుక్క లేని కుక్క ప్రేమికులు చాలామంది. యజమానికి తెల్లవారుజామున లేవడం కష్టం. ప్రేమికుడికి అద్దె ఇంటి ఆసామి కుక్కను రానివ్వడు. ఒకరికి కుక్క ఎక్కువైంది, మరొకరికి తక్కువైంది, కాబట్టి పంచుకోవాలి. ఇంత చిన్న లెక్క ఇన్నాళ్లూ మనకు తట్టకపోవడం విచారకరం.

బ్రిటన్‌లో ఇది ఎప్పుడో మొదలైంది. అక్కడ బారో మై డాగీ అనే సంస్థ కుక్క ఉన్నవారినీ లేనివారినీ కలుపుతుంది. తిప్పేవారు కూలి అడగరు. పైగా సంస్థకు చందా కట్టి మరీ పరాయి కుక్కను షికారుకు తీసుకెళతారు. ఏదైనా జరిగితే బీమా ఉంటుంది, పశువైద్యుడి సలహా ఫోనులో దొరుకుతుంది. మన ప్రేమికులు ఈ పద్ధతిని శ్రద్ధగా అధ్యయనం చేసి, అందులోంచి చందానూ బీమానూ వైద్యుణ్నీ తీసివేసి, మిగిలినదాన్ని అమలులో పెట్టారు. మిగిలింది కుక్క.

పంపకాల విషయంలో మా ఊరికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటును విడగొట్టి, పట్టణాన్ని అటు చేర్చి, ఎస్టేటులో ఎక్కువ భాగాన్ని మద్రాసుకు వదిలారు. ఇక్కడి నుంచి కాస్త గట్టిగా నడిస్తే పాతపట్నం వస్తుంది, దానితోపాటు ఆంధ్రప్రదేశ్ కూడా వస్తుంది. చుట్టరికాలు రెండు వైపులా ఉన్నాయి. మా వీధి రిటైర్డు మాస్టారి లాబ్రడార్ టామీకి రెండు రాష్ట్రాల్లోనూ అభిమానులు పుట్టడంలో వింత లేదు.

ఏర్పాటు చూడముచ్చటగా జరిగింది. సోమ, బుధ, శుక్రవారాలు బ్యాంకు ఉద్యోగికి. మంగళ, గురువారాలు పాతపట్నంలోని మాస్టారి మేనల్లుడికి. శనివారం ఒక డిగ్రీ విద్యార్థినికి, ఆమెకు ముఖ్యంగా ఫొటోలు కావాలి. ఆదివారం ఎవరైనా రావచ్చన్నారు, అంటే ఎవరూ రారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు హెచ్చరించారు గానీ, వారు గొర్రె గురించే చెప్పారని, కుక్క ప్రస్తావన లేదని ప్రేమికులు ఎత్తిచూపారు.

"టామీ మీ ఒక్కరి కుక్కేమిటండీ మాస్టారూ, అది మనందరిదీ" అన్నాడు బ్యాంకు ఉద్యోగి.

"చాలా సంతోషం బాబూ. రేబిస్ టీకాకు ఏడాది నిండింది, మరి..."

"టీకా కార్డు మీ పేరు మీద ఉంది కదండీ."

దీన్ని తప్పుపట్టే ముందు ఆలోచించాలి. ప్రేమను పంచితే పెరుగుతుంది. టీకా ఖర్చు పంచితే తరుగుతుంది. తరిగేదాన్ని పంచడం అశుభమని ప్రేమికుల అభిప్రాయం. షికారులో కుక్క చేసే అసలు పనికి సంచి ఎవరు పట్టుకెళ్లాలన్న చర్చ కూడా ఇలాగే ముగిసింది, ఆ ముగింపు మా వీధి మలుపులో కనిపిస్తూనే ఉంది.

భోజనం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్క ఒంటికి విషం. మేనల్లుడి ఇంట్లో ఉల్లిపాయ పడని కూర ఉండదు, విద్యార్థిని చేతిసంచిలో చాక్లెట్ లేని శనివారం ఉండదు. పక్కింటి ఒడియా అమ్మగారు మాత్రం పాత పద్ధతిలో దాల్మా, అంటే కూరగాయలు వేసిన పప్పు, వండుతారు, అందులో ఉల్లీ వెల్లుల్లీ పడవు. కాబట్టి ఆహార విషయంలో టామీ ఒడిశా పక్షం వహించడమే క్షేమం. ఇందులో భాషా ద్రోహం ఏమీ లేదని తెలుగు సంఘాలకు మనవి.

ఇక్కడ ఒక పక్క మాట. అదే వీధి మలుపులో నల్ల కుక్క ఒకటి ఏళ్లుగా ఉంటోంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం అలాంటివాటికి తిండి పెట్టే ఏర్పాటు చూడవలసింది స్థానిక నివాసుల సంఘాలే. అంటే అది పుట్టుకతోనే ఉమ్మడి కుక్క, ఏ యజమాని అనుమతీ అక్కరలేదు. దానికి సోమవారం కేటాయించమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ప్రేమ గుడ్డిదంటారు గానీ, జాతిని బాగానే గుర్తుపడుతుంది.

ఉమ్మడి సొత్తు ఎలా ఉండాలో చూడాలంటే కొఠియా వెళ్లాలి. కొరాపుట్‌కూ పార్వతీపురం మన్యానికీ మధ్య 21 గ్రామాలు మావంటే మావని రెండు రాష్ట్రాలు పేచీపడుతున్నాయి. ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కింది. అక్కడ చాలామంది చేతుల్లో రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. 2021లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా అభ్యంతరం చెప్పింది. "మాది" అనేవారు ఇద్దరుంటే ఇంత కళ ఉంటుంది. టామీని "మాది" అనేవారు అంతకంటే ఎక్కువే ఉన్నారు కదా అని మేమంతా ధీమాగా ఉన్నాం.

ఒక గురువారం అది పేపరు వేసే కుర్రవాడి పిక్క పట్టుకుంది. సాయంత్రానికి మాస్టారి వరండాలో సర్వపక్ష సమావేశం. గురువారం తనదే గానీ, ఆ సమయానికి తాను టీ తాగుతున్నానని మేనల్లుడు చెప్పాడు. తనకు బుధవారంతో సంబంధం తీరిందని బ్యాంకు ఉద్యోగి చెప్పాడు. విద్యార్థిని ఫోనులోంచి టామీ ఫొటోలు అప్పటికే తొలగిపోయాయి. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ జంతువు ఎవరి స్వాధీనంలో ఉంటే వారి నిర్లక్ష్యాన్ని ప్రశ్నిస్తుంది, ఆరు నెలల వరకు జైలు, లేదా అయిదు వేల వరకు జరిమానా, లేదా రెండూ అంటుంది. ఎవరో ఈ సంగతి చదివి వినిపించగానే, గొలుసు ఆ క్షణంలో ఎవరి చేతిలోనూ లేదన్న విషయంపై ఏకాభిప్రాయం కుదిరింది. మాస్టారు కూడా ఒప్పుకున్నారు. కుక్కను ఆయన ముందే అందరికీ ఇచ్చేశారట.

తదుపరి సమావేశం పాతపట్నంలో జరపాలని తీర్మానించారు. అధ్యక్షుడు ఇంకా దొరకలేదు. కుర్రవాడి కాలిని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగింది దాల్మా అమ్మగారు. ఆస్పత్రిలో సూదులు ఆ రోజున, ఆ తర్వాత మూడో రోజున, ఏడో రోజున, ఇరవై ఎనిమిదో రోజున వేయించుకోవాలని చెప్పారు. ఆ నాలుగు రోజుల్లో ఒకటి తనకు కేటాయించమని ప్రేమికులెవరూ ఇంకా దరఖాస్తు పెట్టుకోలేదు.