డ్రెయిన్ గట్టు మీద ఆకు పచ్చగా ఉంటే విషం విరిగినట్టు కాదు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: మురుగు కాలువల్లో పెరిగే మొక్కలు విషానికి అలవాటుపడి జన్యువులు మార్చుకున్నాయి, సీసం, కాడ్మియం లాంటి భార లోహాలను తమలోనే విరిచేస్తున్నాయి, కాబట్టి డ్రెయిన్ గట్టు మీద పొన్నగంటి, తూటికూర నిర్భయంగా తినొచ్చు, గుర్రపు డెక్క ఉన్న నీళ్లు శుభ్రమైనవే, మన వరి కూడా ఇలాగే తట్టుకుంటుంది. కొన్ని అడవి మొక్కలు లోహాలను తట్టుకోవడం, దానికి జన్యువులు కారణం కావడం నిజమే. మిగతాది తప్పు. పిల్లల కంచంలో పడే కూర సంగతి కాబట్టి ఒక్కో మాటా తీసి చూడాలి.

"అలవాటుపడి జన్యువులు మార్చుకున్నాయి." ఏ మొక్కా అవసరాన్ని బట్టి తన జన్యువును మార్చుకోదు. వేల్స్‌లో పాత గనుల మట్టికుప్పల మీద మొలిచే గడ్డిని బ్రాడ్‌షా అనే శాస్త్రవేత్త, ఆయన శిష్యులు ఏళ్ల తరబడి పరిశీలించారు. మామూలు పచ్చికబయలు గడ్డి విత్తనాలను రాగి మట్టిలో చల్లితే దాదాపు అన్నీ చచ్చాయి. వేల మొలకల్లో ఏ కొన్నో నిలబడ్డాయి. తట్టుకునే గుణం వాటికి పుట్టుకతోనే ఉంది, గని మట్టి మిగతావాటిని ఏరిపారేసింది. కాలిఫోర్నియాలో కాపరోపోలిస్ రాగి గని దగ్గరి మంకీఫ్లవర్ మొక్కలోనైతే ఈ గుణం ప్రధానంగా ఒకే జన్యువు మీద నడుస్తోందని 1983లో తేలింది.

ఏరుకోవాలంటే ముందు తేడాలుండాలి. మన కాలువల్లోని గుర్రపు డెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. ఎక్కువగా పిలకలతోనే పెరుగుతుంది. ఒకే తల్లి నకళ్లతో నిండిన కాలువలో ప్రకృతి ఎంచుకోవడానికి పెద్దగా ఏముంటుంది?

"లోహాలను విరిచేస్తాయి." అసలు ప్రమాదమంతా ఈ మాటలోనే ఉంది. పురుగుమందు అణువు ఎండకో, సూక్ష్మజీవులకో విరగొచ్చు. కాడ్మియం ఒక మూలకం, ఏ మొక్కా దాన్ని ఇంకోటిగా మార్చలేదు. మొక్క చేయగలిగింది దాన్ని లోపలికి రానివ్వకపోవడం, లేదా వచ్చినదాన్ని తనకు హాని లేని చోట దాచడం. లోపల ఫైటోకెలాటిన్లు అనే చిన్న ప్రోటీన్ ముక్కలు లోహాన్ని పట్టుకుంటాయి. తర్వాత, ఇంట్లో అడ్డొచ్చే సామాను అటకెక్కించినట్టు, కణం దాన్ని తన లోపలి సంచి లాంటి రిక్తికలోకి నెడుతుంది. ఐరోపాలో ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ హల్లెరి అనే చిన్న మొక్క ఉంది. జింకును, కాడ్మియాన్ని వేరు నుంచి ఆకుకు ఎక్కించే హెచ్ఎంఏ4 జన్యువు దాని దగ్గరి చుట్టానికి ఒకటే ఉంటే దీనికి మూడున్నాయి. పైగా అవి మరింత జోరుగా పనిచేస్తాయి. ఇది 2008లో బయటపడింది. అంటే ఆ మొక్క లోహాన్ని పోగొట్టడం లేదు, వేరు నుంచి తోడి ఆకులో నింపుకుంటోంది!

"పచ్చగా ఉంది కాబట్టి తినొచ్చు." తట్టుకోవడం అంటేనే లోహం ఉన్నా పచ్చగా ఉండటం. కిలో ఎండు ఆకులో 100 మిల్లీగ్రాముల పైన కాడ్మియం ఉన్నా నవనవలాడే మొక్కలున్నాయి. ఆహార ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ ఆకుకూరలకు పెట్టిన పరిమితి కిలో పచ్చి ఆకుకు 0.2 మిల్లీగ్రాములే. వేరే రకం మొక్కలు, ఉదాహరణకు ఆర్సెనిక్‌ను తట్టుకునే ఒక గడ్డి, ఫాస్ఫేటు తీసుకునే దారినే ఇరుకు చేసి విషాన్ని బయటే ఉంచుతాయి. ఏది ఏ దారిలో పోతోందో ఆకు చూసి చెప్పలేం, ల్యాబ్‌లో పరీక్షించాల్సిందే.

గుర్రపు డెక్క లోహాలను పీల్చేది నిజమే, ఎక్కువ భాగం కిందికి వేలాడే నల్లటి కుచ్చు వేళ్లలోనే ఆగుతుంది. ఆ డెక్కను కాలువలోనే కుళ్లనిస్తే పీల్చింది మళ్లీ కాలువలోకే వస్తుంది. కాలువలు కట్టేసినప్పుడు తీసి గట్టు మీద పోగేసినా వానకు కొట్టుకొచ్చేది అక్కడికే.

ఇక వరి. మాంగనీసును తీసుకునే ఎన్‌ర్యాంప్5 అనే ప్రోటీన్ దారిలోనే కాడ్మియం కూడా వరి వేరులోకి దూరుతుంది. హెచ్ఎంఏ3 జన్యువు బాగా పనిచేసే రకాల్లో కాడ్మియం వేరులోనే ఆగుతుంది, ఆ జన్యువు పాడైన రకాల్లో గింజకెక్కుతుంది. చేను మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. జపాన్‌లో జింజూ నది నీళ్లతో పండిన వరి తిన్నవాళ్ల ఎముకలు గుల్లబారాయి. కారణం గని నుంచి వచ్చిన కాడ్మియమని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. మడిలో నీళ్లు నిలిచినంతకాలం మట్టిలోని కాడ్మియం వరికి పెద్దగా అందదు, ఆరగట్టాక అందుతుంది. దాళ్వాలో శివారు పొలాలకు ఇంజన్లు పెట్టి డ్రెయిన్ నీళ్లు తోడుకునే రైతులకు ఇది చాలా ముఖ్యం. చేతిలో ఉన్న భూసార కార్డు చూసుకుని ధైర్యపడొద్దు. అందులో జింకు, రాగి, ఇనుము ఉంటాయి కానీ కాడ్మియం, సీసం ఉండవు. ఆ రెండింటికీ మట్టిని, గింజను విడిగా పరీక్షకు పంపాలి.