యంత్రకవుల సమస్య

ఉగాదికి ఆన్‌లైన్‌లో సమస్యాపూరణం పోటీ పెట్టాలని మా సాహితీ సంస్థ అధ్యక్షులు మాస్టారు సంకల్పించారు. సైటు బాధ్యత నా నెత్తిన పడింది. "కంప్యూటర్ తెలిసినవాడివి నువ్వే కదా నాయనా" అన్నారు. పేరు, మెయిలు, పాస్‌వర్డ్, 'మీ గురించి' అని ఒక గడి. రిజిస్ట్రేషన్ అంటే అంతే.

ప్రకటించిన మర్నాటికే ఖాతాలు వందలు దాటాయి. మాస్టారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. పద్యం పని అయిపోయిందని అన్నవాళ్లందరికీ పేరుపేరునా ఫోను చేసి చెప్పారు. నేను జాబితా తెరిచి చూశాను. 'మీ గురించి' గడిలో ఒక కవిగారు సులభ వాయిదాల మీద గృహరుణం ఇస్తామన్నారు. మరొకరు వారంలో పొట్ట కరిగిస్తామన్నారు. ఆ తరువాతివన్నీ వరుసగా జూదశాలలే. పేర్లు చూస్తే అచ్చులు కనబడవు, చివర నాలుగు అంకెలు. "అవధానులెవరో మారుపేర్లతో వచ్చి ఉంటారయ్యా" అన్నారు మాస్టారు.

నిజానికి వాళ్లు మనుషులే కారు, వాటంతటవే ఖాతాలు తెరుచుకుంటూ పోయే ప్రోగ్రాములు. వాటికి పద్యమంటే ప్రేమా లేదు, పగా లేదు. ఎవరి సైటులోనైనా తమ దుకాణం లింకు ఒకటి పడితే సెర్చి ఇంజన్ల దగ్గర పరపతి పెరుగుతుందని ఆశ. ఆ ఆశను తుంచడానికే 2005లో గూగుల్ 'నోఫాలో' అనే గుర్తు తెచ్చింది. అది తగిలించిన లింకు వల్ల మామూలుగా పరపతి రాదు. తగిలించాను. గిట్టుబాటు కాదని చూసుకొని వెనుదిరిగే రకమా అవి? రాత్రికి మరో జూదశాల చేరింది.

సరే, వచ్చింది మనిషో యంత్రమో తేల్చే బొమ్మల పరీక్ష, క్యాప్చా పెట్టాను. అగ్నిమాపక గొట్టాలు ఉన్న గళ్లు నొక్కమంటుంది. మన వీధుల్లో ఆ ఎర్ర గొట్టాన్ని చూసినవాళ్లెవరు? "శార్దూలం రాయడానికి వచ్చినవాణ్ణి గొట్టాలు లెక్కపెట్టమంటారా?" అని ఒక పెద్దాయన అలిగి వెళ్లిపోయారు. దాన్ని తీసేసి తెలుగులోనే ప్రశ్న పెట్టాను: వేమన పద్యాల మకుటం రాయండి. యంత్రాలు ఆగిపోయాయి. మనుషులూ ఆగిపోయారు. 'వినుర వేమ' అని విడదీసి రాసినవారు, 'వేమా' అని దీర్ఘం తీసినవారు, అసలు అది ఒకటే మాటా రెండా అని ఫోనులో నాతో అరగంట వాదించినవారు, అందరూ గుమ్మం బయటే.

చివరికి కంటికి కనబడని గడి ఒకటి పెట్టాను. మనిషికి కనిపించదు కనుక ఖాళీగా వదిలేస్తాడు. ప్రోగ్రాము దొరికిన గడినల్లా నింపుతుంది, దొరికిపోతుంది. ఆ గడికి 'ఫ్యాక్స్' అని పేరు. యంత్రాలు బారులు తీరి వలలో పడ్డాయి. వాటితోపాటు మా న్యాయనిర్ణేత కూడా పడ్డారు. ఉద్యోగం రోజుల్లో ఆయన దాచుకున్న ఫ్యాక్స్ నంబరును బ్రౌజరు ఎంతో వినయంగా తానే నింపి పెట్టింది. "నన్ను మనిషి కాదంటోంది మీ సైటు" అన్నారాయన. ఎంత బతిమాలినా ఆ వారమంతా ముభావంగానే ఉన్నారు.

అంతా సర్దుకుంది అనుకునేసరికి, యతి తప్పిన తేటగీతి ఒకటి ఓట్లలో అందరినీ దాటిపోయింది. ఓటర్ల మెయిళ్లు చూస్తే అన్నీ ఒకే చిరునామా, చుక్కలు మాత్రం చోటు మారాయి. జీమెయిల్ పేరు మధ్య చుక్కలను పట్టించుకోదు. ఎక్కడ పెట్టినా ఉత్తరాలు ఒకే పెట్టెలో పడతాయి. మా సైటుకు మాత్రం చుక్క మారితే మనిషి మారినట్టే. యతి ఎక్కడ వేయాలో తెలియకపోయినా చుక్క ఎక్కడెక్కడ వేయవచ్చో ఈ కవికి క్షుణ్ణంగా తెలుసు.

చిరునామా మాస్టారికి చూపించాను. కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ చూశారు. అది వారి బావమరిదిది.

"ఆ ఓట్లన్నీ కొట్టెయ్ నాయనా" అన్నారు గొంతు తగ్గించి. "మా ఇంట్లో మాత్రం తెలియనివ్వకు."